డొంకదారిలో నల్లపెట్టె

ఫిబ్రవరి రెండో వారం, ఉదయం ఏడున్నరకి పోస్టుకి చేరాం. ఎత్తు చెప్పుకోదగ్గదేమీ కాదు. మంచు లేదు. శత్రువు లేడు. నల్లపాడు దాటాక పత్తి చేల మధ్య ఒక మిరపకాయల కోల్డ్ స్టోరేజీ. చుట్టూ ప్రహరీ, ఒక ఇనుప గేటు, గేటు పక్కన కాపలాకి ఒక రేకుల గది. పదిహేడేళ్ళు దేశ సరిహద్దులు కాసిన నన్ను ఇప్పుడు తేజ రకం మిరపకాయల మీద ఎవరూ చెయ్యి వేయకుండా చూడమన్నారు. ప్రమోషన్ అనే అనుకున్నాను. సరిహద్దులో ఇంత ఖరీదైన సరుకు నేనెప్పుడూ కాయలేదు.

సామగ్రి: లాఠీలు మూడు, ఈలలు మూడు, వాకీటాకీలు మూడు, గ్యాస్ మాస్కులు రెండు. మాస్కులు రెండే ఎందుకని అడిగాను. మూడోవాడు ఊపిరి బిగపట్టుకోవాలన్నాడు స్టోరేజీ గుమాస్తా. అది హాస్యమో, వాళ్ళ రూలో, సీజన్ అయ్యేదాకా తేలలేదు.

వాతావరణం: ఘాటు. దాన్ని ఇంకోలా చెప్పలేను. గాలి వీస్తే తుమ్ములు, వీయకపోతే దగ్గు. లారీలు రోడ్డు మీద బారులు తీరి ఉండేవి. మిరప బస్తాలని అక్కడ టిక్కీలు అంటారు. ముఠా కూలీలు వాటిని వీపున వేసుకుని చల్లటి గదుల్లోకి పోతుంటే, తలుపు తెరిచినప్పుడల్లా లోపలి నుంచి పొగమంచు వచ్చేది. గుంటూరులో మంచు చూశానని ఇంట్లో చెబితే నమ్మలేదు.

మా ఊరు ఉలవపాడు. అక్కడ కుర్రాళ్ళు నన్ను మంచు కొండల కథలు చెప్పమంటారు. ఎక్కడ బాగా భయమేసింది అని అడుగుతారు. ఈ మిరపకాయల డ్యూటీ అని చెబితే మొహాలు ముడుచుకుంటాయి. అయినా చెబుతాను.

మేం ముగ్గురం, ముగ్గురమూ మాజీలమే. మా పెద్ద హవల్దారు. సింగరాయకొండ పక్క పల్లె ఆయనది. యూనిట్లో ఆయన కిందే పనిచేశాను, అన్నా అని పిలుస్తాను. రెండో ఆయన మెస్సులో వంట చేసి రిటైరైన మనిషి. అందరం వంటాయన అనే వాళ్ళం. మూడోవాణ్ణి నేను. డిగ్రీ చదివి సిపాయిగా చేరాను కాబట్టి చదువుకున్నవాడని యూనిట్లో రేడియో సెట్టు నా వీపుకి కట్టారు. చదువు బరువేమిటో అప్పుడు తెలిసింది. హవల్దారు నన్ను ఇప్పటికీ పేరు పెట్టి పిలవడు. సిగ్నలూ అంటాడు.

మమ్మల్ని అక్కడికి పంపింది సెక్యూరిటీ ఏజెన్సీ నడిపే మా కెప్టెన్ గారు. కానీ నాకు అసలు ఆర్డర్ ఇచ్చింది ఆయన కాదు, హవల్దారు భార్య, మా వదిన. బయల్దేరే ముందు రోజు హవల్దారు ఇంటికి వెళ్ళాను. ఆవిడ నాకు గోంగూర పచ్చడి సీసా ఇచ్చి, వాకిట్లోకి వచ్చి మెల్లగా చెప్పింది.

"తమ్ముడూ, ఆయన్ని నువ్వు కాపలా కాయక్కర్లేదు. అది ఆయన పని. దిగులుగా ఉంటే నాకు ఫోన్ చెయ్యొద్దు. కోపంగా ఉన్నా చెయ్యొద్దు. మరీ హుషారుగా ఉంటే మాత్రం వెంటనే చెయ్యి."

ఇంత విచిత్రమైన ఆర్డర్ నేను సైన్యంలోనూ వినలేదు. అక్కడ విన్నవి తక్కువేమీ కావు.

దాని వెనకాల కథ ఇది. హవల్దారు తాగుడు మూడుసార్లు మానేశాడు. మొదటిసారి ఏడాది మానేశాడు. ఏడాది నిండినందుకు సంబరంగా తాగాడు. రెండోసారి మూడేళ్ళు. కూతురికి నర్సింగ్ సీటు వచ్చిన రోజు ఒక్క గ్లాసు అన్నాడు. ఆ గ్లాసు ఎనిమిది నెలలు సాగింది. మూడోసారి బ్రాడీపేటలో ఒక డాక్టరు గారి దగ్గర చేరి, వణుకుతూ, చెమటలు కక్కుతూ బయటపడ్డాడు. డాక్టరు గారు వదినని పక్కన కూర్చోబెట్టుకునే చెప్పారు. కాలేయం ఈసారికి నిలబడింది, ఇంకోసారి నిలబడదు. జబ్బు పోయిందా అని వదిన అడిగింది. పడుకుందమ్మా అన్నారాయన. ఏళ్ళు గడిచేకొద్దీ మళ్ళీ లేచే భయం తగ్గుతుంది, సున్నా అవుతుందని మాత్రం నన్ను రాసిమ్మనకండి అన్నారు.

అది జరిగి ఆరేళ్ళు. ఈ ఆరేళ్ళలో వాళ్ళ నాన్న పోయాడు. హవల్దారు తాగలేదు. నల్ల తామర పురుగు పడి రెండెకరాల మిరప మాడిపోయింది. తాగలేదు. కష్టాలు వరసగా వచ్చి ఆయన మీద పడి, ఓడిపోయి వెళ్ళాయి. అంతకుముందు సంతోషం రెండుసార్లు వచ్చింది, రెండుసార్లూ గెలిచింది. వదిన భయం అది.

కెప్టెన్ గారికి ఇదేమీ తెలియదు. తెలిస్తే గేటు దగ్గర నిలబెట్టరని హవల్దారు భయం.

స్టోరేజీ నుంచి మా బసకి తారు రోడ్డు మీద పది నిమిషాల నడక. మధ్యలో వైన్ షాపు. హవల్దారు మొదటి రోజే రోడ్డు వదిలేసి సాగర్ కాలువ కట్ట ఎక్కాడు. మిరప కల్లాల పక్కనుంచి, తుమ్మచెట్ల కిందుగా, ముప్పావుగంట చుట్టు. నేనూ వెంట నడిచాను.

"నువ్వెందుకురా? నీకు రోడ్డుందిగా."

"ఘాటు లేని గాలి కోసం అన్నా."

"కల్లం పక్కన ఘాటు లేకుండా ఎట్టా ఉంటది?"

నడిచాం. పెట్రోలింగులో మాకు నేర్పిన మొదటి పాఠం, తిరుగు ప్రయాణంలో జాగ్రత్త. పోయేటప్పుడు అందరూ కళ్ళు విప్పుకునే పోతారు. పని అయిపోయింది, క్యాంపు దీపాలు కనబడుతున్నాయి అనుకున్నాక భుజాలు వదులవుతాయి. దెబ్బ అప్పుడు పడుతుంది. హవల్దారు ఈ పాఠాన్ని మా అందరికీ చెప్పినవాడు.

కట్ట మీద నడకని వంటాయన వేళాకోళం చేసేవాడు. ఆయనకి సంగతి కొంత తెలుసు. పూర్తిగా తెలియదు కాబట్టి అభిప్రాయాలు గట్టిగా ఉండేవి.

"ఆరేళ్ళు తాగనోడు ఇంకా తాగుబోతు ఎట్టా అవుతాడు సార్? నాకు చిన్నప్పుడు ఆటలమ్మ పోసింది. ఇప్పుడు నన్ను చూసి ఎవరన్నా పారిపోతన్నారా?"

"నీ వంట చూసి పారిపోతున్నారు," అన్నాను.

హవల్దారు నవ్వలేదు. "ఆరేళ్ళుగా కాల్పులు లేవని పోస్టు ఎత్తేస్తారా?" అన్నాడు.

"అది పాకిస్తాను సార్. ఇది సీసా."

మర్నాడు నాలుగో గది తనిఖీకి వెళ్ళాం. ఆ గది కిందటి సీజన్లో ఖాళీ అయింది. కడిగారు, సున్నం వేశారు, నెలల తరబడి తలుపులు తెరిచి ఉంచారు. లోపల ఒక్క కాయ లేదు. వంటాయన తల లోపల పెట్టాడు. తుమ్మాడు. ఆగాడు. మళ్ళీ తుమ్మాడు. అలా వరసగా తుమ్ముతూ గోడ పట్టుకుని నిలబడ్డాడు. హవల్దారు తన భుజం మీది తువ్వాలు తీసి ఆయన చేతికిచ్చి, మాట్లాడకుండా తర్వాతి గదికి నడిచాడు. ఆ తర్వాత మా మధ్య ఆ చర్చ మళ్ళీ రాలేదు.

మార్చి నెలాఖరులో గ్యాస్ లీకైంది.

సాయంత్రం నాలుగూ పది. ఆ గదులని చల్లబరిచేది అమ్మోనియా. మెషిన్ రూములో ఒక వాల్వు దగ్గర కాగితం చించినట్టు చప్పుడు మొదలైంది. నేను గేటు దగ్గర ఉన్నాను. ముందు కళ్ళు మండాయి. మిరపకాయే అనుకున్నాను. తర్వాత గొంతు పట్టేసింది. మిరపకాయ కాదు. మెషిన్ రూముకి పడమరగా రేకుల షెడ్డులో నలభై మంది దాకా ఆడవాళ్ళు కాయలకి తొడిమలు తీస్తున్నారు.

వాకీటాకీలో హవల్దారు గొంతు.

"సిగ్నల్, గాలి ఎటు?"

"తూర్పు నుంచి అన్నా. షెడ్డు మీదికే."

"ఆడవాళ్ళని మెషిన్ రూము ముందుగా రానీకు. గాలికి అడ్డంగా తోలు. ఉత్తరానికి."

"ఉత్తరాన గేటు లేదన్నా."

"గోడ ఉందిగా. నిచ్చెన వెయ్యి."

వేశాను. కొంగులు తడిపి ముక్కుకి కట్టుకోమన్నాం. వంటాయన గోడ మీద కూర్చుని ఒక్కొక్కరినే అందుకుని అవతలికి దించాడు. ఒక పెద్దావిడ నిచ్చెన దగ్గర ఆగిపోయింది.

"గోడలు దూకే వయసంట్రా నాది?"

"వయసులో ఉన్నప్పుడు దూకలేదా అమ్మా?"

"నీ మొహం మండా," అని ఎక్కింది. గబగబా ఎక్కింది.

ఈలోగా హవల్దారు, మెషిన్ ఆపరేటరు ఆ రెండు మాస్కులూ తగిలించుకుని లోపలికి పోయారు. వాకీటాకీలో గాలి చప్పుడు తప్ప ఏమీ లేదు. పిలిచాను. జవాబు లేదు. మళ్ళీ పిలిచాను. సరిహద్దులో ఇలాంటి నిశ్శబ్దాలు విన్నాను కాబట్టి వాటి అర్థాలూ నాకు తెలుసు. ఆ సమయానికి అది ఏమంత ఉపయోగపడే జ్ఞానం కాదు.

తర్వాత దగ్గు. తర్వాత మాట.

"వాల్వు కట్టేశాం. ఎవరికన్నా ఏమన్నా అయిందా?"

"ఒకావిడ చెప్పు పోయిందన్నా."

"వెతికిపెట్టు."

ఆ సాయంత్రం నేను ఆయన్నే చూస్తూ కూర్చున్నాను. ఎర్రబడ్డ కళ్ళతో మజ్జిగ తాగి, కాలువ కట్ట మీదుగా బసకి నడిచి, పడుకుని గురక పెట్టాడు. వదినకి ఫోన్ చేయలేదు. ఆర్డర్లో లేదు.

ఏప్రిల్ మొదటి వారంలో గదులు నిండాయి. తలుపులకి సీళ్ళు వేశారు. మా డ్యూటీ ముగిసింది. కెప్టెన్ గారు మధ్యాహ్నం పన్నెండింటికి జీపులో దిగారు. వెనక సీట్లో బిర్యానీ డేగిశా, క్యాంటీన్ రమ్ము సీసాలు.

"హవల్దార్, ఇవాళ బడాఖానా," అన్నారు.

సివిల్ జనానికి ఇది కొంచెం వివరించాలి. బడాఖానా అంటే ఆఫీసర్లు, జవాన్లు ఒకే చోట కూర్చుని తినే విందు. ఆ పూట ఆఫీసరు స్వయంగా వడ్డిస్తాడు, తన చేత్తో పోస్తాడు. ఆఫీసరు చేత్తో పోసింది వద్దనడం మా ఒంట్లో లేదు. ఎవరూ శిక్షించరు. అయినా నోరు రాదు. మందు ముట్టని జవాన్లు కూడా ఆ పూట గ్లాసు పట్టుకుని నిలబడతారు, తర్వాత పక్కవాడికి ఇచ్చేస్తారు. పక్కవాళ్ళు ఎప్పుడూ సిద్ధంగానే ఉంటారు.

షెడ్డులో బల్లలు వేశాం. తొడిమలు తీసే ఆడవాళ్ళు అప్పటికే వెళ్ళిపోయారు. స్టోరేజీ వాళ్ళు, ముఠా మేస్త్రీ, ఆపరేటరు, మేము. కెప్టెన్ గారు లీకు సంగతి అందరికీ చెప్పారు. నలభై మంది ప్రాణాలు అన్నారు. చప్పట్లు. హవల్దారు లేచి నిలబడ్డాడు. కెప్టెన్ గారు గాజు గ్లాసులో రమ్ము పోసి, నీళ్ళు కలిపి, ఆయన కుడి చేతిలో పెట్టారు.

"ఇది నా చేత్తో."

హవల్దారు తీసుకున్నాడు. తీసుకోవడం ఆయన చేసింది కాదు, ముప్ఫై ఏళ్ళ అలవాటు చేసింది. ఎడమ చెయ్యి ప్యాంటు కుట్టు మీద తిన్నగా ఉంది. మడమలు కలిశాయి. కుడి చేతిలో గ్లాసు.

కెప్టెన్ గారు వరసలో ముందుకు పోయారు. అందరికీ పోయాలి కదా.

రమ్ముకీ కోలాకీ రంగు ఒకటే, గ్లాసులో ఏది ఏదో దేవుడికి కూడా తెలియదు. నేను ఒక గ్లాసు నిండా ఉత్త కోలా పోసుకుని, ఆయన పక్కకి వెళ్ళి నిలబడ్డాను.

"అన్నా, మార్చుకుందాం."

"వద్దు."

"ఎవరూ చూడటం లేదు."

"అందుకే వద్దు." పెదవులు కదిలించకుండా మాట్లాడుతున్నాడు. "ఇవాళ నువ్వు మారుస్తావు. రేపు నువ్వుండవు."

"మరైతే కింద పెట్టెయ్ అన్నా."

"కిందకి చెయ్యి రావట్లేదురా."

ఎగతాళిగా చెప్పలేదు. కిందకి పోకపోతే ఆ చెయ్యి ఎటు పోతుందో ఇద్దరికీ తెలుసు. వాసన నా దాకా వస్తోంది. క్యాంటీన్ రమ్ము వాసన మాకు అమ్మ చీర వాసన లాంటిది. మంచులో, టెంట్లలో, చచ్చినవాళ్ళని కిందకి దించిన రాత్రుల్లో మాకు వెచ్చదనం అదే. నేను మాత్రం ఇష్టపడి తాగి, ఇష్టం లేనప్పుడు మానేస్తాను. ఎందుకలా కుదిరిందో నాకు తెలియదు. నా గొప్ప మాత్రం కాదు.

కెప్టెన్ గారు తన గ్లాసు ఎత్తారు. అందరూ ఎత్తారు. హవల్దారు గ్లాసు కూడా గుండె ఎత్తుకి లేచింది. గడ్డం ఎత్తుకి లేచింది.

అక్కడ ఆగింది.

"సార్," అన్నాడు. పరేడ్ గ్రౌండు గొంతు. షెడ్డు రేకులు మోగాయి. "సెంట్రీ డ్యూటీలో ఉన్నాను సార్. తాగకూడదు."

అందరూ ఇటు తిరిగారు. కెప్టెన్ గారు నవ్వారు. "డ్యూటీ పన్నెండింటికి అయిపోయింది హవల్దార్. సీళ్ళు నేనే చూశాను."

"గేటు డ్యూటీ కాదు సార్. ఇంకోటి ఉంది."

నవ్వు ఆగింది. కెప్టెన్ గారు దగ్గరికి వచ్చారు. ఆయన ముందు గ్లాసు వంక చూశారు, తర్వాత మనిషి వంక. ఆఫీసర్లలో కొందరికి కళ్ళుంటాయి.

"రిలీవర్ ఎవరు?"

"లేరు సార్."

"ఎప్పటిదాకా డ్యూటీ?"

"ఆర్డర్లో చెప్పలేదు సార్."

కెప్టెన్ గారు రెండు చేతులా ఆ గ్లాసు తీసుకున్నారు. వేళ్ళు ఒక్కొక్కటే విప్పి తీసుకోవలసి వచ్చింది. దాన్ని బయటికి తీసుకెళ్ళి మట్టిలో పోసి వచ్చారు. తర్వాత హవల్దారు ప్లేటులో ఇంకో లెగ్ పీసు వేశారు. ఆఫీసర్లు క్షమాపణ చెప్పే పద్ధతుల్లో అదొకటి.

గెలిచాం అనుకున్నాను. నా భుజాలు వదులయ్యాయి.

మర్నాడు గుంటూరు స్టేషన్లో ప్యాసింజరు ఎక్కాం. హవల్దారు తన నల్ల రేకు పెట్టె సీటు కింద తోశాడు. దాని మీద తెల్ల రంగుతో ఆయన సైన్యం నంబరు ఇంకా ఉంది. తెనాలి దాకా నిద్రపోయాడు. బాపట్లలో లేచి బజ్జీలు కొన్నాడు. చీరాల వచ్చేసరికి ఎదుటి సీటు వాళ్ళకి కథలు చెబుతున్నాడు. గోడ దూకిన పెద్దావిడ కథ చెప్పి తనే పడీపడీ నవ్వాడు. ఇన్నేళ్ళలో ఆయన అలా నవ్వడం నేను చూడలేదు.

"ఒరేయ్ సిగ్నలూ, చూశావా?"

"ఏంటన్నా?"

"చేతిలో పట్టుకున్నాన్రా. మూతి దాకా వచ్చింది. ఏం చేసింది నన్ను? ఏం చేయలేకపోయింది." తొడ మీద చరుచుకున్నాడు. "ఆరేళ్ళు ఊరికే భయపడ్డాను. దొంగలా కట్టలెంట, డొంకలెంట తిరిగాను. ఇంక ఆ బాధ లేదు. పోయిందది."

కిటికీ వైపు తిరిగి ఏదో పాట అందుకున్నాడు. బయట ఎండ మండిపోతోంది. నాకు చలి వేసింది. పెట్రోలింగు మొత్తం గుర్తొచ్చింది. క్యాంపు దీపాలు కనబడుతున్నాయి, ముందు నడిచేవాడు పాట పాడుతున్నాడు.

ఒంగోలులో బండి ఆగింది. నీళ్ళు పట్టుకొస్తానని దిగి, ప్లాట్‌ఫారం మీద నుంచి వదినకి ఫోన్ చేశాను.

"వదినా, అన్న చాలా సంతోషంగా ఉన్నాడు."

అవతల గిన్నె కింద పెట్టిన చప్పుడైంది.

"ఎంత?"

"పాటలు పాడుతున్నాడు."

"స్టేషన్‌కి వస్తున్నా," అని పెట్టేసింది.

సింగరాయకొండలో దిగేచోట ప్లాట్‌ఫారం కొస నుంచి రెండు దారులు. ఒకటి రోడ్డు. ఆటోలు, టీ కొట్లు, మలుపులో వైన్ షాపు, దాటితే పావుగంటలో వాళ్ళ పల్లె. రెండోది పట్టాల పక్కనే పత్తి చేల మధ్యగా పోయే డొంక. మనిషి ఎత్తు లోతు, పైన నీడ లేదు, గంట నడక. ఆరేళ్ళుగా వాళ్ళిద్దరి దారి అదే.

వదిన ఆ కొసనే నిలబడి ఉంది. ఎదురు వచ్చే ఎక్స్‌ప్రెస్ కోసం మా బండిని ఆపారు. ఉలవపాడు ఇంకా ముందుంది కాబట్టి నేను దిగకుండా తలుపు దగ్గర నిలబడ్డాను. వాళ్ళ మాటలు వినబడుతున్నాయి.

"ఎండ చూశావా?" అన్నాడు హవల్దారు, పెట్టె కింద పెట్టి. "ఇవాళ ఆటోలో పోదాం. రోడ్డు మీదగా."

వదిన ఆయన మొహంలోకి చూసింది.

"మీరు పోండి. నేను డొంకన వస్తా."

"ఇంకా ఎందుకే? ఏం జరిగిందో సిగ్నల్ గాణ్ణి అడుగు. నా చేతిలో—"

"హుషారుగా ఉన్నారని చెప్పాడు." ఆవిడ ఆయన చేతిలోని గుడ్డ సంచి తీసుకుంది. "గంటలో ఇంటికొస్తా. మీరు ముందే పోతారుగా. తాళం పక్కింట్లో ఉంది."

అంతే. ఏడవలేదు, ఒట్టు వేయించుకోలేదు. సంచి నెత్తిన పెట్టుకుని డొంకలోకి దిగిపోయింది. హవల్దారు పిలిచాడు. ఆవిడ వెనక్కి తిరగలేదు.

నేను దిగవచ్చు. దిగి ఆ పెట్టె నేనే ఎత్తుకుని డొంకన పడితే ఆయన వెంట రాక చస్తాడా. ఒక కాలు మెట్టు మీదికి దించాను కూడా. నువ్వు కాపలా కాయక్కర్లేదు అన్న మాట గుర్తొచ్చింది. రేపు నువ్వుండవు అన్న మాటా గుర్తొచ్చింది. కాలు వెనక్కి తీసుకున్నాను. ఆ డ్యూటీ మొత్తంలో నేను చేసిన కష్టమైన పని అదే.

ఎక్స్‌ప్రెస్ పోయింది. మా బండి కదిలింది. హవల్దారు ఆ కొసనే నిలబడి ఉన్నాడు, పెట్టె పక్కన, రోడ్డు వైపు మొహం పెట్టి. ఆటోవాడు ఏదో అడుగుతున్నాడు. ఆయన నన్ను చూడలేదు. బండి ఆయన్ని దాటింది.

తర్వాత డొంకలో వదినని దాటాం. సంచి, తల, అంతే కనబడింది. ఒకే వేగంతో నడుస్తోంది. వెనక అడుగుల చప్పుడు వింటోందో లేదో మొహంలో తెలియలేదు.

నేను కమ్మీ పట్టుకుని బయటికి వంగి వెనక్కి చూశాను. ప్లాట్‌ఫారం కొస ఖాళీగా ఉంది. రోడ్డు మీద ఒక ఆటో పోతోంది. అందులో ఎవరున్నారో అంత దూరం నుంచి తెలియదు. బండి వంపు తిరుగుతోంది. ఇంక పట్టాలు, ఎండిన పత్తి కట్టె, దాని మీద అక్కడక్కడా ఏరకుండా మిగిలిన దూది.

అప్పుడు కనబడింది. పత్తి చేను మీద నల్లటి రేకు పెట్టె ఒకటి. కింద మనిషి లేడు, డొంక మింగేసింది. తెల్ల నంబరు ఎండకి మెరుస్తోంది. పెట్టె ఒకచోట ఆగింది. భుజం మార్చుకున్నట్టు కాస్త ఒరిగింది. మళ్ళీ తిన్నగా నిలబడి, ముందున్న సంచి వైపు మెల్లగా నడుచుకుంటూ వస్తోంది.